గేటు గడియ దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి కోపంతో. నీ హీరో ఇరవై ఏళ్ళ తర్వాత డల్లాస్ నుంచి వచ్చి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కూర్చోగానే ‘గతమంతా సినిమా రీలులా కళ్ళ ముందు తిరిగింది’ అన్నావు. ఎందుకు తిరుగుతుందయ్యా? ఏసీ హాలు, స్టీలు కుర్చీ, కాఫీ మెషీను. వాడి ఊరిని గుర్తుచేసేది ఒక్కటి లేదక్కడ.

మరిచిపోవడమంటే చెరిగిపోవడమేనని మనవాళ్ళంతా రాసేస్తారు. చాలాసార్లు కాదు. వంటింట్లోకెళ్ళి ఎందుకొచ్చామబ్బా అని నిలబడతాం, మళ్ళీ హాల్లోకొచ్చి ఖాళీ మంచినీళ్ళ సీసా చూడగానే గుర్తొస్తుంది. విషయం ఎక్కడికీ పోలేదు, పట్టి లాగే కొస దొరకలేదు, అంతే. 1966లో టుల్వింగ్, పెర్ల్‌స్టోన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు హైస్కూలు పిల్లలకు పదాల జాబితాలు నేర్పించి అప్పజెప్పమన్నారు. ఊరికే అడిగితే రాని పదాలు, అవి ఏ రకానివో ఆ రకం పేరు చూపించేసరికి బోలెడు వచ్చేశాయి. 1975లో గాడెన్, బాడ్లీ అనే మరో ఇద్దరు స్కాట్లాండ్‌లో డైవర్లకు 20 అడుగుల లోతున 36 పదాలు వినిపిస్తే, అవి ఒడ్డుమీద కంటే నీళ్ళలోనే ఎక్కువ గుర్తొచ్చాయి. (2021లో మళ్ళీ చేసి చూస్తే ఆ తేడా రాలేదట. రాకపోతే రాకపోనీ, నాకు రుజువు రైసుమిల్లులో దొరికింది.)

మా నాన్న మిల్లు గుమాస్తా. ఆయన పోయాక చిక్కడపల్లి గదిలో మూడేళ్ళపాటు ఆయన మీద కథ రాయబోయి ‘చాలా మంచివాడు’ దగ్గరే ఆగిపోయాను. గొంతు కూడా గుర్తురాలేదు. ఏదో పెళ్ళికని తణుకు వైపు వెళ్తుంటే బస్సు పంక్చరై ఒక మిల్లు పక్కన ఆగింది. వేడి తవుడు వాసన. లోపల బెల్టు అతుకు చక్రం మీదికొచ్చినప్పుడల్లా టప్‌మంటోంది. ఆ చప్పుడుకి పైన వినపడేలా, ఒకటి అనకుండా ‘లాభం, రెండు, మూడు’ అని మా నాన్న బస్తాలు లెక్కపెట్టడం, ఆ ‘లాభం’ దగ్గర కాస్త సాగదీయడం, అన్నీ ఒక్కసారే వచ్చేశాయి. రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను.

ఆ కథ పంపితే ఒక వారపత్రిక సబ్‌ఎడిటరు ‘వర్ణన తగ్గించాం’ అంటూ తవుడు పేరా కొట్టేసి అచ్చేశాడు. ఇక నాన్న గొంతు ఎందుకు వినపడిందో పాఠకుడికెలా తెలుస్తుంది? పాతికేళ్ళయినా కడుపు మండుతూనే ఉంది. ఇప్పుడేమో అందరికీ ఒక్క పేజీ కథలే కావాలి, ముందు కోతపడేది వాసనకే.

నీ నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. నాయనమ్మ ఇంటి గేటు గడియ కొంచెం పైకెత్తి తోస్తేగానీ రాదని, వాడు చూడకుండానే చెయ్యి దానంతటదే ఎత్తిందని. అక్కడ నాకు గొంతు పట్టేసింది. నువ్వేమో ఆ వెంటనే ‘ఆలోచనల్లో మునిగిపోయాడు’ అని దాటేశావు! ఎయిర్‌పోర్టు రెండు పేజీలూ తీసెయ్. గేటు ముందుకొచ్చేదాకా వాడికేమీ గుర్తురానివ్వకు, నాయనమ్మ పెట్టిన ముద్దుపేరుతో సహా.

నువ్వడిగిన కలం పేరు, పోటీల సంగతి తర్వాత చూద్దాం. ఆ గడియ ఎత్తినప్పుడు చప్పుడెలా ఉంటుందో నువ్వు రాయనేలేదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఎత్తి చూడు.