ముందొచ్చిన చేపదే ఇల్లు

ఉప్పునీటి టాంకుల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువగా కొట్లాటలే ఉన్నాయి. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. అందులో నాకు మా ఇంట్లో జరిగిన తప్పే మళ్లీ కనిపించింది.

ప్రశ్న: మాది నాలుగడుగుల టాంకు. వెడల్పు, ఎత్తు అడుగున్నర చొప్పున. పెట్టి ఐదు నెలలైంది. నీళ్లు సెట్ కావడానికని మొదట మూడు నీలం డామ్సెల్‌లు, ఒక డొమినో వేశాం. తరువాత తెచ్చిన రెండు క్లౌన్ చేపలు బతికాయి కానీ ఒక మూలనే ఉంటాయి. ఆ తరువాత వేసిన మూడు చేపలూ రెండు మూడు రోజుల్లో రెక్కలు చిరిగి చచ్చిపోయాయి. చిన్న ట్రిగ్గర్ చేపని వేస్తే అన్నీ దారికొస్తాయని కొన్నచోట చెప్పారు. వేయమంటారా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వద్దండి. ట్రిగ్గర్ వేస్తే మీ క్లౌన్‌లు కూడా మిగలవు.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. టాంకులో ఆ మాట చెల్లదు. ముందు దిగిన చేప ఏ రాయి కింద పడుకోవాలో, ఎక్కడ మేయాలో తేల్చుకుని ఆ చోటంతా తనదే అనుకుంటుంది. ఎవరు వచ్చినా తన ఇంట్లోకి దొంగ దూరినట్టే చూస్తుంది. డామ్సెల్‌లలో ఈ గుణం మరీ ఎక్కువ. మీ డొమినో కూడా డామ్సెలే. డొమినో పిల్లగా ఉన్నప్పుడు నల్లటి ఒంటి మీద మూడు తెల్లచుక్కలతో ముద్దుగా ఉంటుంది, అందుకే అందరూ తెచ్చుకుంటారు. పెరిగితే అరచేతి అంత అవుతుంది, చుక్కలు వెలిసిపోతాయి, కోపం మాత్రం పెరుగుతుంది. మీ టాంకు కొలతల ప్రకారం నిండా పోస్తే 255 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను ఇంకా తక్కువే. అంత చోటులో నాలుగు డామ్సెల్‌లు నాలుగు మూలలూ పంచేసుకున్నాయి. కొత్త చేప దాక్కోవడానికి చోటే లేదు. తరిమి తరిమి కొడుతుంటే తిండి మానేస్తుంది, రెక్కలు కుళ్లుతాయి, ఆ నీరసంలో తెల్లచుక్కల జబ్బు కూడా త్వరగా అంటుకుంటుంది.

నీళ్లు సెట్ కావడానికి బతికున్న చేపను వాడటమే నాకు నచ్చని పని. చేపలు వదిలే, వాటికే విషమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దానికి అమ్మోనియా కావాలి, చేపే కానక్కర్లేదు. పచ్చి రొయ్య ముక్క ఒకటి వేసినా కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. ఆ వారాలన్నీ చేప మొప్పలు మండుతూ బతకాల్సిన పని లేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది డామ్సెల్‌లను బయటికి తీయడం. వలతో రాళ్ల మధ్య వెంబడిస్తే మీరు అలిసిపోతారు, క్లౌన్‌లు బెదిరిపోతాయి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, తలకిందులుగా తిప్పి అదే సీసాలోకి గరాటులా దూర్చండి. ఒకరోజు మేత ఆపి, లోపల రొయ్య ముక్క పెట్టి టాంకు అడుగున ఉంచండి. డామ్సెల్‌లకు ధైర్యం ఎక్కువ, ముందు అవే వస్తాయి. ఒక్కొక్కదాన్నీ తీసి, పెద్ద టాంకు ఉన్నవాళ్లకో, తిరిగి తీసుకునే దుకాణానికో ఇవ్వండి.

తరువాత రాళ్లన్నీ మార్చి పేర్చండి. పాత హద్దులు చెరిగిపోతాయి. కొత్త చేపను ఇకమీదట నేరుగా వదలకండి. కనీసం నాలుగు వారాలు వేరే చిన్న టాంకులో ఉంచి, జబ్బు లేదని తేలాక, ఫ్రిజ్‌లో పెట్టుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాకు దబ్బనం కాల్చి చుట్టూ బెజ్జాలు చేసి, అందులో పెట్టి పెద్ద టాంకులో మూడు నాలుగు రోజులు వేలాడదీయండి. పాతవి వచ్చి చూస్తాయి, గాజును పొడిచినట్టు పొడుస్తాయి, ఆ తరువాత విసుగొచ్చి వెళ్లిపోతాయి. అవి పట్టించుకోవడం మానేశాక, మేత పెట్టి, లైట్లు ఆర్పి, చీకట్లో వదలండి. ఎప్పుడూ నెమ్మదైన చేప ముందు, గడుసుది ఆఖరున.

ఇక ట్రిగ్గర్ సంగతి. మీకు దాని మీద మనసున్నట్టు ఉత్తరంలోనే తెలుస్తోంది, నాకూ అంతే ఇష్టం. వీపు మీద మొదటి ముల్లు నిటారుగా లేపి బిగిస్తుంది, రెండో ముల్లు దానికి గొళ్లెం. రాతి సందులో దూరి అలా బిగించుకుంటే మనం లాగినా రాదు, లాగకూడదు కూడా. మనిషిని గుర్తుపడుతుంది, మేత కోసం అద్దం దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. అన్ని ట్రిగ్గర్‌లూ ఒకటి కావు. బ్లూ త్రోట్, నైజర్ నీళ్లలో తేలే చిన్న జీవులను తినే రకాలు, కొంత నెమ్మదివి. పికాసో మధ్యరకం, పెరిగితే అడుగు దాకా వస్తుంది. క్లౌన్ ట్రిగ్గర్ సుమారు అర మీటరు పెరుగుతుంది, పిల్లగా ఉన్నప్పుడు సాధువే, పెద్దయ్యాక నమ్మలేం. అండ్యులేటెడ్‌ను మాత్రం వేరే చేపతో కలపకండి.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. 2011లో సైదాబాద్‌లో మాకూ మీలాంటి నాలుగడుగుల టాంకే ఉండేది. ఆకుపచ్చ ఒంటి మీద నారింజ గీతలతో రెండంగుళాల అండ్యులేటెడ్ కనిపిస్తే ఆగలేక తెచ్చాను. అప్పటికే రెండేళ్లుగా ఒక ఫాక్స్‌ఫేస్ చేప ఉంది, నా వేళ్ల మధ్య నుంచి పాలకూర తినేది. ఎనిమిది నెలలు గొడవేమీ లేదు. ఒకరోజు పొద్దున లైటు వేసేసరికి ఫాక్స్‌ఫేస్‌కు ఒక కన్ను లేదు. విడదీశాను కానీ మూడో రోజుకు పోయింది. తప్పు ట్రిగ్గర్‌ది కాదు. అది పెరిగింది, నేను ఇచ్చిన చోటు పెరగలేదు. ఆ తరువాత ఏడేళ్లు దాన్ని ఒంటరిగానే పెంచాను.

మీకు ట్రిగ్గరే కావాలంటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న టాంకు, అంటే దాదాపు 680 లీటర్లు, పెట్టగలిగినప్పుడే తెచ్చుకోండి. నీళ్లతో అది చాలా బరువు, అపార్ట్‌మెంట్ అయితే ముందు ఇంజనీరును అడగండి. ఈ నాలుగడుగుల టాంకులో మాత్రం మీ క్లౌన్‌లను హాయిగా తిరగనివ్వండి. కొంచెం గడుసుతనం కావాలంటే ఆఖరున డాటీబ్యాక్ అనే చిన్న చేప ఒక్కటి చాలు.

ప్రశ్న: మా అబ్బాయికి లయన్ ఫిష్ కావాలట. ఇంట్లో నాలుగేళ్ల పాప కూడా ఉంది. బతికున్న గోల్డ్ ఫిష్‌లు మేతగా వేయాలంటున్నారు. పెంచవచ్చా?
- ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: పాప చెయ్యి టాంకులోకి అందేలా ఉంటే ఇప్పుడు వద్దమ్మా. లయన్ ఫిష్ ఎవరినీ తరమదు, కరవదు. కానీ వీపు మీద 13, తోక దగ్గర కింద 3, పొట్ట కింద 2, మొత్తం 18 ముళ్లలో విషం ఉంటుంది. మీదికి రాకపోయినా, టాంకు శుభ్రం చేసేటప్పుడు మనమే వెళ్లి గుచ్చుకుంటాం. గుచ్చుకుంటే ఆ చోటును తట్టుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, 30 నుంచి 90 నిమిషాలు ఉంచి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నీళ్ల వేడి ముందు బాగున్న చేత్తో చూసుకోవాలి, నొప్పి ఉన్న చేతికి వేడి తెలియదు.

పాప పెద్దయ్యాక పెంచుకున్నా గోల్డ్ ఫిష్‌లు మాత్రం వేయకండి. వాటిలో థయామినేజ్ ఉంటుంది. అది బి1 విటమిన్‌ను పాడుచేస్తుంది, నెలల తరబడి అదే తింటే లయన్ ఫిష్ చచ్చిపోతుంది. రాంనగర్ చేపల మార్కెట్‌లో దొరికే పచ్చిరొయ్యలు, స్క్విడ్, సముద్రపు చేప ముక్కలు మార్చి మార్చి పెట్టాలి. కదిలేదే తింటుంది కాబట్టి, మొదట్లో ముక్కను సన్నని పుల్లకు గుచ్చి దాని ముందు ఆడించాలి. రెండు మూడు వారాల్లో చాలావరకు అలవాటు పడతాయి. నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగేస్తుంది, అది కూడా అబ్బాయికి ముందే చెప్పండి.

ప్రశ్న: పోయిన మే నెలలో టాంకు నీళ్లు 31 డిగ్రీలకు వెళ్లాయి. పికాసో ట్రిగ్గర్ రొప్పుతూ పైకి వచ్చేది. నీళ్లు చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనలేను. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. 25, 26 డిగ్రీల దగ్గర ఉంచడం మంచిది. నీళ్ల మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టండి. మన వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ పనిచేసినట్టే ఇదీ పనిచేస్తుంది, రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఉక్కపోతగా ఉండే విశాఖలో ఇంత ఫలితం రాదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. అందుకే తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయండి, బోరు నీళ్లు వద్దు. కరెంటు పోతే ముందు ఎయిర్ పంప్, నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ ఇన్వర్టర్ మీద నడవాలి, లైట్లు తరువాత సంగతి. ఎండాకాలం మేత కొంచెం తగ్గించండి.

ప్రశ్న: ట్రిగ్గర్ టాంకులో అందం కోసం సముద్రం నుంచి తీసిన పగడాలు పెట్టవచ్చా?
- ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: వద్దు. మన సముద్రంలో దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. తీయడం, కొనడం, అమ్మడం నేరం. సిరామిక్ రాళ్లు తెచ్చుకోండి. వాటిని ఇసుక మీద కాకుండా అడుగు అద్దం మీదే నిలబెట్టి, తరువాత ఇసుక పోయండి. ట్రిగ్గర్ ఇసుక తవ్వుతుంది, రాయి కిందికి జారి అద్దం పగలవచ్చు.