ఏ డోంబ్రోవా, అమ్మాయీ?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ అత్తవారి పోలండ్ మూలాల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. తెలుగు శుభ్రంగా ఉంది. ఇక నన్ను కుదురుగా కూర్చోనివ్వని సంగతులు చెప్తాను.

మీ అత్తగారి తాత 1909లో బ్రెమెన్‌లో ఓడెక్కి న్యూయార్క్‌లో దిగాడు. ఎల్లిస్ ఐలండ్‌లో ఆఫీసరొకడు నోరు తిరగక ఆయన ఇంటిపేరు సగానికి కోసేశాడని రాశావు. ఈ కథ అమెరికాలో చాలా ఇళ్లలో చెప్పుకుంటారు. కానీ అక్కడి ఆఫీసరు పేర్లు రాసేవాడు కాదమ్మా. జాబితా ఓడ బయలుదేరిన వైపే కంపెనీ వాళ్లు రాసి పంపేవారు. ఆఫీసరు దాన్ని ముందు పెట్టుకుని, మనిషిని ప్రశ్నలడిగి సరిచూసుకునేవాడు. నువ్వు పంపిన నకల్లోనే ఆయన పేరు పూర్తిగా ఉంది, చూడలేదా? కోసుకున్నది తర్వాతెప్పుడో, బహుశా ఆయనే.

1910 జనాభా లెక్కల్లో పుట్టిన చోటు రష్యా అనీ, 1920లో పోలండ్ అనీ ఉంటే ఆయన ఏదో దాచాడని అనుమానించావు. ఏమీ దాచలేదు. 1795లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా మూడూ పంచుకున్నాక 1918 దాకా స్వతంత్ర పోలండ్ పటంలోనే లేదు.

ఇక బ్రెమెన్ రేవులో ఆయన కన్నీళ్లు, ఒక పేజీ నిండా. హాంబర్గ్ నుంచి వెళ్లినవాళ్ల జాబితాలు 1850 నుంచి 1934 దాకా దొరుకుతాయి. బ్రెమెన్‌వి 1920కి ముందువి దాదాపు ఏమీ మిగల్లేదు. మిగిలినా వాటిలో కన్నీళ్లకి గడి ఉండదు. కాగితం లేనిచోట లేదని రాయి. పాఠకుడు ఆ ఖాళీ ముందు నిలబడతాడు, నువ్వు అడ్డం రాకపోతే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ తప్పు నేను చేశాను. మా తాతగారి అన్న అప్పన్న శ్రీకాకుళం వైపు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకి కూలీగా వెళ్లాడు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో డర్బన్ చేరిన దగ్గర్నుంచి, ఎక్కినవాళ్ల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద గుర్తులు రాసిన జాబితాలున్నాయి. మా ఊరి పేరు దొర చెవికి ఎలా వినబడిందో గాని, ఇంగ్లీషులో ఉన్నది పలికితే మా ఊరిలా లేదు. అప్పన్నలు పేజీకి ఇద్దరు తగిలారు. ఏడేళ్లు వెతికాను. చివరికి గుర్తుల గడిలో ‘కుడి మోకాలి మీద మచ్చ’ అని ఉంది. చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడి మోకాలు చీరుకున్నాడని మా నాన్నమ్మ చెప్పేది. ఆయనే.

దాన్ని ఉన్నదున్నట్టు రాసి పంపితే సంపాదకుడొకాయన ‘చదివించే గుణం లేదు, తల్లి ఒడ్డున నిలబడి ఏడ్చే దృశ్యం పెట్టండి’ అన్నాడు. పెట్టాను. అచ్చయింది. చదివినవాళ్లంతా ఆ తల్లినే మెచ్చుకున్నారు, మోకాలి మచ్చ ఒక్కరికీ గుర్తులేదు. ఆ తల్లి అప్పటికి చనిపోయి రెండేళ్లయిందని తర్వాత మా పెద్దత్త చెప్పింది. ఇప్పటికీ ఆ కథ ఎవరైనా ఎత్తితే నాకు మొహం చెల్లదు. ఈ రోజుల్లో మూలాల వెతుకులాట ఫ్యాషనయింది, ఆ సంపాదకుడి వారసులు నీ చుట్టూ కూడా ఉంటారు.

నీ వ్యాసంలో నన్ను కదిలించిన చోటు ఒకటుంది. 1886 నాటి బాప్తిస్మం రికార్డు. 1868 నుంచి రష్యా ఏలుబడిలోని పోలండ్‌లో రష్యన్‌లోనే రాయాలి కాబట్టి పోలిష్ పాదిరీ రష్యన్‌లో రాశాడు. తండ్రి ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చాడు, మగశిశువుని చూపించాడు, రాసింది చదివి వినిపించాం, వచ్చినవాళ్లకి చదువు రాదు కాబట్టి నేనొక్కణ్నే సంతకం చేశాను. అంతే ఉంది, నువ్వూ అంతే రాశావు. అక్కడ నేను కాగితం కింద పెట్టి కాసేపు ఊరుకున్నాను.

కానీ ఆ తండ్రి మీ అత్తగారి తాతకి తండ్రేనా? ఓడ జాబితాలో ఊరు డోంబ్రోవా అని ఉంది. పటంలో మొదట కనబడిన డోంబ్రోవాకి వెళ్లి, అదే పేరు, అదే వయసున్న పిల్లవాణ్ని తెచ్చుకున్నావు. డోంబ్రోవా అంటే ఓక్ తోపు. మనకి మామిడిపల్లులు ఎన్నో, వాళ్లకి డోంబ్రోవాలు అన్ని. 1880 నుంచి 1902 దాకా పదిహేను సంపుటాలుగా వచ్చిన వాళ్ల భౌగోళిక నిఘంటువు తెరిచి చూడు.

దారి నీ చేతిలోనే ఉంది. ఓడ జాబితాలో, షికాగోలో ఎవరి దగ్గరికి వెళ్తున్నాడన్న గడిలో ‘బ్రదర్-ఇన్-లా’ అని ఇంగ్లీషు మాట ఒకటుంది. బావ, బావమరిది, తోడల్లుడు, అన్నీ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోతాయి. నువ్వు ‘భార్య తమ్ముడు’ అని రాసేశావు. అదే వరసలో కాస్త ఎడమకి చూడు, అవివాహితుడని ఉంది. పెళ్లికాని వాడికి భార్య తమ్ముడెలా వస్తాడు? వాడు తోబుట్టువు మొగుడయి ఉండాలి. అంటే ఆయనకంటే ముందే ఒక అక్కో చెల్లెలో ఆ సముద్రం దాటింది. పెళ్లి షికాగోలోనే అయివుంటే పోలిష్ చర్చి రిజిస్టరు వెతుకు. కొన్నింటిలో వధువు పుట్టిన ఊరు, అది ఏ పారిష్ (చర్చి పరిధి) కిందిదో కూడా రాసి ఉంటుంది. అది నీ డోంబ్రోవాయే అయితే ఆ తండ్రీ బిడ్డా నీవాళ్లే, అక్షరం మార్చకు. కాకపోతే ఆ పేజీ ఎంత బాగున్నా తీసెయ్యాలి, తప్పదు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ముందు ఆయన తోబుట్టువుని వెతుకు. పదమూడు పేజీల్లో ఆమె పేరు ఒక్కచోటా లేదు.