ఆ సంతకం సంగతి ముందు మాట్లాడండి

ప్రశ్న: నేను గుంటూరులో ఉపాధ్యాయురాలిని. సిస్టర్ల హాస్టలులో నాతో కలిసి చదువుకున్న స్నేహితురాలు ఒక హిందూ అబ్బాయిని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. సాక్షి సంతకానికి నన్ను పిలిచింది గానీ, మా నాన్నగారు వద్దనడంతో వెళ్ళలేదు. పన్నెండేళ్ళుగా ఆమె మన కతోలిక గుడిలో పూజకు రావడం లేదు, ఆ పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె అయిన సత్ప్రసాదం తీసుకోవడం లేదు. ‘నువ్వు చెబితే వింటుంది’ అని ఇప్పుడు వాళ్ళ అమ్మగారు నన్ను బతిమాలుతున్నారు. విజయవాడలోని గుణదల మరియమాత తిరునాళ్ళకని పిలిచి, అక్కడ గురువు ఎదుట పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి ఒప్పించవచ్చా? ఏ మాటతో మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, గుణదల ఆలోచన మానుకోండి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో కొండ కింద ఉండే ఆ జనసమ్మర్దంలో, మరియమాత దర్శనానికని తీసుకెళ్ళి పాపసంకీర్తనం వరుసలో నిలబెడితే, మీరు మళ్ళీ ఎప్పుడు పిలిచినా ఆమె రాదు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది సాక్షి సంతకం దగ్గర. మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయారు. ప్రత్యేక వివాహ చట్టం కింద జరిగే పెళ్ళికి ముగ్గురు సాక్షులు కావాలి. పుట్టింటివారు రారని తెలిసిన ఆడపిల్ల, ఆ ముగ్గురిలో ఒకరిగా తనతో కలిసి పెరిగిన మిమ్మల్ని కోరుకుంది. ఆ వయసులో తండ్రి మాట కాదనలేకపోవడాన్ని నేను తప్పుపట్టను, మన ఇళ్ళలో అది ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఆ తరువాతి పన్నెండేళ్ళలో ఆమె గడప తొక్కకుండా మిమ్మల్ని ఎవరు ఆపారు? కాన్పుకు వెళ్ళినట్టు గానీ, క్రిస్మస్‌కు పలకరించినట్టు గానీ, ఆమె భర్తతో ఒక్క మాట మాట్లాడినట్టు గానీ మీరు రాయలేదు. ఆమె గుడికి దూరమైందని మీరంటున్నారు; ఆమె వైపు నుంచి చూస్తే గుడి అంటే ఆ రోజు రాకుండా ఉండిపోయిన మనుషులే కావచ్చు.

కానుకను పీఠం ఎదుటే విడిచి, ముందు వెళ్ళి సోదరునితో సమాధానపడమన్నారు ప్రభువు. కాబట్టి మొదటి మాట మీ క్షమాపణే కావాలి. నాన్నగారిని అడ్డం పెట్టుకోకుండా, ‘ఆ రోజు నేను రావలసింది, రాలేదు’ అని చెప్పండి. ఆ పూట పూజ ఊసెత్తవద్దు. వాళ్ళ అమ్మగారి రాయబారిగా అసలే వెళ్ళవద్దు. కూతురితో ఆవిడకున్న బాకీ ఆవిడే తీర్చుకోవాలి. కొడుకు కోసం ఏడ్చిన పునీత మోనికమ్మకు ఒక మేత్రాణులు (బిషప్పు) చెప్పింది కూడా ఇలాంటిదే: అతనితో వాదించకుండా ప్రార్థన చేస్తూ ఉండమన్నారు. ఆ కొడుకు అగుస్తీను 387లో జ్ఞానస్నానం పొందారు.

ఆమె తనంతట తానుగా అడిగిన రోజున మాత్రం తప్పుడు మాట చెప్పకూడదు కనుక, ఈ సంగతులు తెలుసుకుని ఉండండి. గుడి బయట పెళ్ళి చేసుకున్నంత మాత్రాన శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, ఆమెను వెలివేయలేదు. ఈ ఆదివారమే పూజకు వచ్చి కూర్చోవచ్చు, ప్రార్థించవచ్చు. సత్ప్రసాదం తీసుకోవడానికి మాత్రం ముందు గురువుల ఎదుట మళ్ళీ సమ్మతి చెప్పి వివాహం సరిదిద్దుకోవాలి, అందుకు విచారణ గురువుల (తమ గుడి ఫాదరు) ద్వారా మేత్రాణుల అనుమతి పొందాలి. భర్త జ్ఞానస్నానం తీసుకోనక్కరలేదు. పిల్లలను మన విశ్వాసంలో పెంచడానికి శాయశక్తులా ప్రయత్నిస్తానని ఆమె మాట ఇవ్వాలి, ఆ మాట ఇస్తున్నట్టు భర్తకు తెలియాలి. మళ్ళీ సమ్మతి చెప్పడానికి ఆయన ఇష్టపడకపోయినా, ఉన్న వివాహాన్నే మొదటి నుంచి చెల్లేలా చేసే అధికారం మేత్రాణులకు ఉంది. ‘మా ఆయన మతం మారడు, ఇక నాకు దారి లేదు’ అనుకుని ఏళ్ళ తరబడి గుడి ముందు నుంచి తల దించుకుని నడిచిపోయే ఆడవాళ్ళను నేను చూశాను. ఈ నాలుగు మాటలు ఎవరూ వారికి విడమరచి చెప్పకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆమె రావచ్చు, రాకపోవచ్చు. రాకపోయినా మీరు ఆ ఇంటికి వెళ్తూనే ఉండాలి, ఆమె భర్తను అన్నయ్యా అని పిలుస్తూనే ఉండాలి. పూజకు వస్తేనే నిలబడే స్నేహమైతే ఆమెకు అది అక్కరలేదు, ఆ విషయంలో నేను ఆమె పక్షమే. వస్తే గనక, గురువుల ఎదుట జరిగే ఆ వివాహానికి ఇద్దరు సాక్షులు కావాలి. మిమ్మల్ని పిలుస్తుందో లేదో ఆమెనే తేల్చుకోనివ్వండి. పిలిస్తే ఈసారి ఎవరినీ అడగకుండా వెళ్ళి సంతకం చేయండి.