నానీకి, అద్దం మీద చెయ్యి వేసే ముందు

ఒరే నానీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆటోనగర్‌లో తుక్కుకి వచ్చిన కారొకటి చూసుకున్నావట. దాని ముందద్దం పగలకుండా ఊడదీసి, బీటలు వారిన మీ కారు అద్దం తీసేసి, ఆ చోట నువ్వే పెడతానంటున్నావట. "చేతులు కోసుకుంటాడురా, నువ్వైనా చెప్పి ఆపు" అంది. నేను ఆపను. మనింట్లో నా తర్వాత పనిముట్టు పడతానన్నవాడివి నువ్వొక్కడివే. ఆ మాటకి ఎంత పొంగిపోయానో, అంత భయమూ వేసింది. అందుకే ఈ ఉత్తరం.

నేను పనిలో చేరిన కాలంలో అంబాసిడర్లు, పద్మినీలు వచ్చేవి. అద్దం రబ్బరు బీడింగులో కూర్చునేది. బీడింగు అంచు తప్పించి లోపల్నుంచి నెమ్మదిగా తోస్తే చేతిలోకొచ్చేసేది. ఇప్పటి కార్లలో అద్దాన్ని పాలియురేథేన్ జిగురుతో బాడీకి అంటించేస్తారు. తోశావంటే జిగురు వదలదు, అద్దమే పగులుతుంది. జిగురుని చుట్టూ కోస్తేనే వస్తుంది.

వైపర్లు, వాటి కింది ప్లాస్టిక్ పట్టీ, అద్దానికి రెండు పక్కలా ఉండే స్తంభాల మీది లోపలి కవర్లు, వెనక చూసుకునే అద్దం ముందే విప్పెయ్. సెన్సార్ ఉంటే దాని వైరు కూడా. అంచు మోల్డింగు పాడైనా బెంగపడకు, కొత్తది దొరుకుతుంది.

కొయ్యడానికి అల్లిన ఉక్కు వైరు వాడు. కింది మూలకి కాస్త పైన, బాడీ వైపుగా ఆరెతో, అదే చెప్పులు కుట్టేవాళ్ల దబ్బనంలాంటి దాంతో, జిగురులో బెజ్జం పెట్టి వైరు దూర్చు. రెండు కొసలకీ పైపు ముక్కలు కట్టుకుని ఒకరు లోపల, ఒకరు బయట కూర్చోవాలి. ఉడికిన గుడ్డుని దారంతో కోసినట్టు, పొడుగ్గా, నిదానంగా లాగాలి. తొందరపడితే వైరు వేడెక్కి తెగుతుంది, తెగిన కొస ఎటు కొడుతుందో చెప్పలేం. కళ్లద్దాలు, తోలు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా లేకుండా నువ్వా కారు దగ్గరికి వెళ్లొద్దు. ఇది బతిమాలడం కాదు, ఆర్డరు. సబ్బునీళ్లు చల్లుతూ ఉంటే వైరు సాఫీగా జారుతుంది. డాష్‌బోర్డు మీద దళసరి ప్లాస్టిక్ అట్ట పెట్టు, లేకపోతే వైరు దాన్ని కూడా కోసేస్తుంది. చుట్టూ పూర్తిగా తెగిందని నమ్మకం కుదిరేదాకా అద్దాన్ని ఎత్తకు. ఒక మూల అంటుకునుండగా ఇంకో మూల లేపారా, బీట అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఎండలో కాగిన అద్దం మీద చన్నీళ్లు కొట్టొద్దు. పొద్దున్నే, నీడలో చెయ్యి.

వెనకద్దం, చిన్న పక్కద్దాలు కూడా తీస్తావేమోనని చెబుతున్నాను. ముందద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర, పగిలినా అతుక్కునే ఉంటుంది. అవి అలా కాదు, టఫెన్డ్. అంచుకి ఇనుప ముక్క తగిలితే చాలు, మొత్తం ఒక్కసారిగా పలుకులైపోతుంది. వాటి దగ్గర స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపడం అనే మాటే వద్దు. కొన్నిటికి లోపల నట్లు కూడా ఉంటాయి, ముందు అవి చూసి విప్పు.

ఇప్పుడు అసలు సంగతి. అద్దం పగులుతుందేమోనన్నది నీ భయం. నా భయం అది కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి. తుపాను వెలిశాక మా షెడ్డు ముందు అద్దాలు పోయిన కార్లు వరసకట్టాయి. అందరికీ ఆ రోజే కావాలి. నాతో పనిచేసే మనిషి, చెయ్యి తిరిగినవాడే, ఒక కారుకి పాత జిగురుని కత్తితో గబగబా గీకేశాడు. కింది అంచు పొడుగునా పెయింటు లేచిపోయి రేకు కనబడింది. తుప్పు పట్టకుండా దాని మీద ప్రైమర్ పూత రాయమన్నాను. "అద్దం కిందకెళ్లిపోతుంది, ఎవడు చూస్తాడన్నా" అని జిగురు వేసి అద్దం పెట్టేశాడు. నీళ్లు కొట్టి చూస్తే చుక్క కారలేదు. కారాయన సంతోషంగా వెళ్లిపోయాడు.

కొన్ని వానాకాలాలు గడిచాక అదే కారు వచ్చింది. డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్టు తడి. పైన పట్టీ తీసి చూస్తే ఏముంది, గీత పడిన చోట పట్టిన తుప్పు పెయింటు కిందుగా రెండు వైపులా పాకింది. జిగురు పెయింటుని గట్టిగానే పట్టుకునుంది. ఆ పెయింటే రేకుని వదిలేసింది. లోపల్నుంచి అరచేత్తో తోస్తే అద్దం కింది అంచు విచ్చుకుంది. చాలా కార్లలో పక్కసీటు ఎయిర్‌బ్యాగు పైకి విచ్చుకుని ముందద్దానికి ఆనుకునే మనిషిని ఆపుతుంది. ఆ అద్దమే ఊడిపోతే బ్యాగు దేన్ని ఆనుకుంటుంది? ఆ సీట్లో ఆయన భార్య కూర్చునుంది, ఒళ్లో పిల్ల. ఆ రోజు మావాడు నోరెత్తలేదు. రేకు పనీ పెయింటూ తన డబ్బుతోనే చేయించాడు.

మీదేమో సాగర్‌నగర్. సముద్రపు ఉప్పుగాలికి కిటికీ ఊచలే ఆగవు, గీత పడిన రేకు ఆగుతుందా?

అందుకని ఈ రెండు కార్ల దగ్గరా ఒకే తీరున చెయ్యకు. తుక్కు కారులో కాపాడాల్సింది అద్దాన్ని, వైరుని బాడీకి ఆనించి కొయ్యి, రేకు గీసుకుపోతే పోనీ. మీ కారులో పగిలిన అద్దం ఎలాగూ పోయేదే, కాపాడాల్సింది బాడీ అంచుని. అక్కడ వైరుని అద్దానికి ఆనించి కొయ్యి. పాత జిగురంతా గీకెయ్యకు. ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంచి సాఫీగా చెక్కు, కొత్త జిగురు దాన్ని బాగా పట్టుకుంటుంది. రేకు ఎక్కడ కనిపించినా, గోరంతైనా సరే, దానికని అమ్మే ప్రైమర్ రాసి ఆరనివ్వు. తెచ్చిన అద్దం చుట్టూ ఉండే నల్ల పట్టీని బ్లేడుతో గోకకు, ఎండ నుంచి జిగురుని కాసేది అదే. సిలికాన్ చవకని ఎవరైనా చెబితే దండం పెట్టి వచ్చెయ్, ఈ పనికి అది పనికిరాదు.

ఊడదీసిన అద్దాన్ని నేల మీద పడుకోబెట్టకు. చెక్క మీద స్పాంజి వేసి, కింది అంచు మీద నిలబెట్టు. అంటించాక ట్యూబు మీద రాసినంతసేపూ కారు కదపకు. ఆ రోజంతా ఒక తలుపు అద్దం కాస్త దించి ఉంచు, లేకపోతే తలుపు దబ్బున వేసినప్పుడల్లా లోపలి గాలి కొత్త జిగురుని తోస్తుంది.

ఇక రాత్రిపూట ఒక్కడివీ ఫోన్ లైటు పెట్టుకుని మొదలెట్టేద్దామనే ఆలోచన నీకుంది, నాకు తెలుసు. మీ నాన్నదీ అదే మొండితనం. ఏటిరా ఆ తొందర? ఆదివారం పొద్దున్నే నేనొస్తాను. లోపల నేను కూర్చుంటాను, బయట నువ్వు లాగు. వైరు, ఆరె, అద్దాన్ని పట్టి ఎత్తే రబ్బరు కప్పులు నా దగ్గరున్నాయి. జిగురు ట్యూబు, ప్రైమర్ నువ్వు కొను, గడువు తేదీ చూసి మరీ తీసుకో. అమ్మని గాభరా పడొద్దని చెప్పు, మధ్యాన్నం భోజనానికి ఉంటానని కూడా.

మీ మావయ్య