పైలట్ కాకపోయినా కార్పొరేట్ విమానాల్లో బతుకుందా? బేగంపేటలో నేను చూసింది

మీ తమ్ముడిది బీకాం ఆఖరి సంవత్సరం. పైలట్ ట్రైనింగ్‌కు డబ్బు లేదు, అయినా విమానాల దగ్గరే పనిచేస్తానని పట్టుబట్టాడు. నాన్నగారేమో అవి పెద్దోళ్ళ సోకు విమానాలు, వాటిని నమ్ముకుంటే కష్టం అంటున్నారు. అమ్మగారికి నైట్ డ్యూటీల భయం. ఇదే కదా మీరు అడిగింది? నేను 2009 నుంచి చార్టర్ విమానాల (అంటే మొత్తం విమానాన్ని అద్దెకు ఇచ్చేవి) ఆపరేషన్స్‌లో ఉన్నాను, ఎక్కువ కాలం హైదరాబాద్ బేగంపేట ఎయిర్‌పోర్ట్‌లోనే. నా అనుభవంలో ఉన్నది చెప్తాను.

ముందు నాన్నగారి మాట. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారాక బేగంపేట మూతపడిందని చాలామంది అనుకుంటారు. వీఐపీ విమానాలు, చార్టర్లు, ట్రైనింగ్ విమానాలు అక్కడ దిగుతూనే ఉన్నాయి. పెళ్ళికి విమానం మాట్లాడుకునేవాళ్ళు లేరని అనను. కానీ నేను పంపిన విమానాల్లో ఎక్కువగా కూర్చున్నది ప్లాంట్ హెడ్లు, ఆడిటర్లు, ఇంజనీర్లు.

ఒక కంపెనీకి కడప దగ్గర ఒక ఫ్యాక్టరీ, రాజమండ్రి దగ్గర ఇంకొకటి ఉండేవి. ఆరుగురు పొద్దున్నే కింగ్ ఎయిర్ అనే చిన్న విమానంలో బయల్దేరి, కడపలో మూడు గంటలు పని చూసుకుని, మధ్యాహ్నానికి రాజమండ్రి చేరి, రాత్రి భోజనానికి హైదరాబాద్‌లో ఇంటికి వచ్చేసేవారు. కారులో అయితే కడప చేరేసరికే సగం రోజు అయిపోతుంది. మామూలు విమానాల టైమింగులు పట్టుకుని వెళ్తే ఈ రెండు ఊళ్ళూ ఒక్క రోజులో తెమలవు. ఆరుగురు పెద్ద ఉద్యోగుల రెండు రోజులు మిగిలితే ఆ కంపెనీకి ఎంత విలువో వాళ్ళ లెక్కల్లో వాళ్ళకు తెలుసు.

అలాగని అందరికీ సొంత విమానం అక్కర్లేదు. ఢిల్లీ, ముంబై మాత్రమే తిరిగే కంపెనీ టికెట్ కొనుక్కోవడమే మేలు. విమానం ఎగరకుండా నిలబడి ఉన్నా ఇన్సూరెన్స్, పార్కింగ్, పైలట్ల జీతాలు ఆగవు. అందుకే చాలామంది పర్మిట్ ఉన్న నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ (టైమ్‌టేబుల్ లేకుండా, అడిగినప్పుడు విమానం నడిపే కంపెనీ) దగ్గర చార్టర్ తీసుకుంటారు. ప్రైవేట్ కేటగిరీ విమానాన్ని అద్దెకు తిప్పకూడదు. అలా తిప్పేవాళ్ళ దగ్గర ఉద్యోగం వచ్చినా మీ తమ్ముణ్ణి చేరనివ్వకండి.

ఇక ఆపరేషన్స్ పని ఎలా ఉంటుందో చెప్తాను. ఒక డిసెంబర్ సాయంత్రం, రాయలసీమలో రన్‌వే లైట్లు లేని చిన్న ఎయిర్‌పోర్ట్. ఐదు ముప్పావుకు పొద్దు గూకుతుంది, ఆలోపే విమానం లేవాలి. మా చార్టర్ల లాంటి విమానం బయల్దేరాలంటే ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ (గగనతల రక్షణ వాళ్ళ అనుమతి) నంబరు, చెన్నై నుంచి ఇచ్చే ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబరు రెండూ పైలట్ చేతిలో ఉండాలి. ఆ రెండు నంబర్లూ క్యాటరింగ్ బిల్లు వెనక రాసుకుని, కెప్టెన్‌కు ఫోన్‌లో ఒక్కొక్క అంకె చదివి చెప్పాను. నాలుగున్నరకు మా ప్రయాణికులు ఇంకా ఫ్యాక్టరీలోనే ఉన్నారు. "ఇంకో పావుగంట బాబూ" అన్నారు. "సార్, ఇప్పుడు కారెక్కకపోతే రాత్రికి అక్కడే" అని చెప్పి, ఒకపక్క హోటల్ గదులు అడుగుతూ, ఇంకోపక్క సిబ్బంది డ్యూటీ గంటలు లెక్కేస్తూ కూర్చున్నాను. ఐదూ ముప్పై ఒకటికి "ఎయిర్‌బోర్న్", అంటే విమానం లేచిందని, మెసేజ్ వచ్చింది. అప్పటిదాకా ముట్టని టీ చల్లారిపోయింది. నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది ఆ సాయంత్రమే.

మీ తమ్ముడికి నేను చెప్పే దారి ఇదే, ఆపరేషన్స్ డెస్క్. బీకాం చాలు. ఫ్లైట్ ప్లాన్, నోటమ్‌లు (పైలట్లకు వచ్చే హెచ్చరిక నోటీసులు), వాతావరణం, ఇంధనం, హ్యాండ్లింగ్ (నేల మీద విమానానికి కావలసిన ఏర్పాట్లు), బిల్లింగ్ అన్నీ ఆ బల్ల మీదుగానే పోతాయి కాబట్టి, రెండేళ్ళు ఓపిక పడితే మొత్తం వ్యాపారం అర్థమవుతుంది. అక్కడి నుంచి చార్టర్ సేల్స్ వైపు వెళ్ళొచ్చు. మొదటి జీతం మాత్రం తక్కువే ఉంటుంది, ఇంట్లో ముందే చెప్పండి. మెయింటెనెన్స్ ఇంజనీర్ లైసెన్స్‌కు ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ కావాలి. కమర్షియల్ పైలట్‌కూ అంతే, పైగా 200 గంటల ఫ్లయింగ్, క్లాస్ వన్ మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష.

ఒక జాగ్రత్త. మా పిన్ని కొడుకు అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో "నూరు శాతం జాబ్ గ్యారంటీ" బోర్డు చూసి లక్షన్నర కట్టాడు. చివరికి చేతికి వచ్చింది ఒక సర్టిఫికెట్, అది ఏ ఆపరేటరూ అడగనిది. ఏ కోర్సుకైనా డబ్బు కట్టేముందు దానికి డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉందో లేదో వాళ్ళ వెబ్‌సైట్‌లోనే చూడండి, బ్రోషర్‌లో కాదు. ఆపరేషన్స్ ట్రైనీగా చేరడానికి అలాంటి డిప్లొమా అవసరమే లేదు. మంచి ఇంగ్లీష్, ఎక్సెల్, ఫోన్‌లో కంగారు పడని గొంతు ఉంటే చాలు. బేగంపేటలో వింగ్స్ ఇండియా అనే విమానాల ప్రదర్శన జరిగినప్పుడు సామాన్యులకు అనుమతించే రోజుల్లో వెళ్ళి, ఆపరేటర్ల స్టాల్స్ దగ్గర నిలబడి మాట్లాడమనండి.

అమ్మగారికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది, పండగ రోజునా మోగుతుంది. మా అమ్మ మొదటి ఏడాది నాతోపాటే లేచి కూర్చునేది.