రంగప్రవేశం వీడియో: మూడు కెమెరాల సింక్ చివరికొచ్చేసరికి ఎందుకు జారుతుంది, కట్ ఎక్కడ వేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ అమ్మాయి కూచిపూడి రంగప్రవేశాన్ని (తొలి పూర్తి నాట్య ప్రదర్శనను) రెండు కెమెరాలు, ఒక ఫోన్‌తో తీశారు. దాదాపు రెండు గంటల ఫుటేజ్. డావిన్సీ రిసాల్వ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాం ఉచిత వెర్షన్‌లో శబ్దం ఆధారంగా సింక్ చేస్తే, అంటే అన్ని కెమెరాలనూ ఒకే క్షణానికి కలిపితే, మొదటి ఐటం బాగానే వచ్చింది. చివర్లో తరంగం (ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే ఐటం) దగ్గరికొచ్చేసరికి ఫోన్ షాట్‌లో పాదం ఒకచోట, తాళం ఒకచోట. పైగా ఏ కెమెరాకు ఎప్పుడు మారాలో తేలడం లేదు.

నేను ఎక్కువగా కూచిపూడి కార్యక్రమాలు, పద్యనాటకాలే ఎడిట్ చేస్తుంటాను. పెళ్లి వీడియోలో రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. నాట్యంలో అలా కుదరదు. పాదం నేలను తాకడం, తాళం మోగడం కలవకపోతే అది ఎడిటింగ్ లోపమని చూసేవాళ్లకు తెలియదు, పిల్లే తాళం తప్పిందనుకుంటారు. ఏళ్ల తరబడి సాధన చేసిన పిల్లకు అలాంటి పేరు రాకూడదు. అందుకే సింక్ గురించే ఎక్కువ రాస్తున్నాను, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ముందు సింక్ ఎలా తప్పుతోందో చూడండి. మొదటి ఐటం, మధ్యలో ఒకటి, చివరిది తీసుకుని మూడుచోట్లా పాదం గట్టిగా పడే క్షణం వెతకండి. తేడా కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతోందా, ఒకచోట ఉన్నట్టుండి గెంతిందా, లేక మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉందా? మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరు.

మీరు చెప్పినదాన్నిబట్టి ఫోన్‌ది మొదటి రకం. చాలా ఫోన్లు స్థిరమైన ఫ్రేమ్ రేటుతో రికార్డ్ చేయవు. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా సెకనుకు 30 ఫ్రేములు కాస్తా తగ్గుతాయి, మళ్లీ పెరుగుతాయి. మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైల్ తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర 'వేరియబుల్' అని ఉంటుంది. అలా ఉంటే రిసాల్వ్‌లోకి తెచ్చే ముందే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రాంలో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' పెట్టి మార్చుకోండి. ఫోన్ 30లో తీసి ఉంటే 30లోనే ఉంచండి. క్వాలిటీ దగ్గర ఆర్‌ఎఫ్ విలువ (ఇది తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది) 18 గానీ అంతకన్నా తక్కువ గానీ పెడితే బొమ్మ చెడదు. అసలు ఫైల్ మాత్రం చెరిపేయకండి.

ఫోన్ ఫైల్ సరిచేశాక కూడా కాస్త జారుడు మిగలొచ్చు. ఏ రెండు కెమెరాల గడియారాలూ ఒకే వేగంతో నడవవు. పది లక్షలకు 20 వంతుల తేడా ఉందనుకోండి, రెండు గంటల్లో అది 144 మిల్లీసెకన్లు అవుతుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు కాబట్టి మూడున్నర ఫ్రేములు పోయినట్టే. అదే 15 నిమిషాల ఐటంలో అర ఫ్రేము కూడా ఉండదు. కనుక రెండు గంటలకూ కలిపి ఒకే మల్టీక్యామ్ క్లిప్ (అన్ని కెమెరాలూ యాంగిల్స్‌గా ఉండే ఒకే క్లిప్) చేయకండి, ఐటం వారీగా చేసుకోండి. ఐటంకీ ఐటంకీ మధ్య దుస్తులు మార్చుకునే సమయం, వ్యాఖ్యానం ఎలాగూ ఉంటాయి, అక్కడ కోస్తే ఎవరికీ తెలియదు.

నేను చేసే పద్ధతి ఇది. ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ ముందే 25 పెట్టుకుంటాను (మీ రెండు కెమెరాలూ 25లోనే తీశాయి కదా). ఫోన్ క్లిప్ తెచ్చినప్పుడు ఫ్రేమ్ రేట్ మార్చమంటారా అని రిసాల్వ్ అడిగితే వద్దనే చెప్పాలి. తర్వాత ఒక్కో కెమెరాను ఒక్కో వీడియో ట్రాక్‌లో పేర్చి, క్లిప్పులన్నీ ఎంచుకుని, 'ఆటో అలైన్ క్లిప్స్'లో వేవ్‌ఫామ్ ఆధారంగా సరిచేయమంటాను. అది చేసినదాన్ని గుడ్డిగా నమ్మను. ప్రతి ఐటంలో పాదాన్ని చూస్తూ కామా, ఫుల్‌స్టాప్ కీలతో ఒక్కో ఫ్రేము చొప్పున జరుపుతాను. అన్నీ కుదిరాక ఆ టైమ్‌లైన్‌కు ఒక కాపీ తీసి పెట్టుకుని, మీడియా పూల్‌లో రైట్ క్లిక్ చేసి 'కన్వర్ట్ టైమ్‌లైన్ టు మల్టీక్యామ్ క్లిప్' నొక్కుతాను. ఎన్ని ట్రాకులుంటే అన్ని యాంగిల్స్ వస్తాయి. నేరుగా క్లిప్పుల నుంచే మల్టీక్యామ్ చేస్తే కంటితో సరిచూసుకునే ఈ దశ చేజారిపోతుంది.

రెండో రకం, ఉన్నట్టుండి గెంతడం. కొన్ని కెమెరాలు 4 జీబీ నిండగానే ఫైల్‌ను ముక్క చేస్తాయి. పాతవి కొన్ని 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగే ఆపేస్తాయి, ఎవరో మళ్లీ బటన్ నొక్కాలి. ముక్కల్ని వరసగా అతికించేస్తే మధ్యలో పోయిన సమయమంతా తేడాగా వస్తుంది. ఏ ముక్కకు ఆ ముక్కను విడిగా సింక్ చేయడమే దారి.

మూడో రకం, మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉండే తేడా. దీని గురించి చాలామందికి తెలియదు, నాట్యం వీడియోలో ఇదే ఎక్కువ దెబ్బ తీస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే వెళ్తుంది. అంటే ఒక్క ఫ్రేము సమయంలో 14 మీటర్లకు కాస్త తక్కువ. హాలు చివర, స్పీకర్లకు 28 మీటర్ల దూరంలో పెట్టిన కెమెరాకు శబ్దం రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది, బొమ్మ మాత్రం వెంటనే చేరుతుంది. శబ్దాన్ని శబ్దంతో కలిపినప్పుడు ఆ కెమెరా బొమ్మ రెండు ఫ్రేములు ముందుకొచ్చేస్తుంది, తాళం మోగకముందే పాదం పడుతుంది. సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం అంతా సరిగ్గానే ఉంటుంది కాబట్టి తప్పు పట్టుకోవడం కష్టం. వెనక కెమెరాను టైమ్‌లైన్‌లో రెండు ఫ్రేములు కుడివైపుకు జరపండి, సరిపోతుంది.

శబ్దం విషయానికొస్తే, మొదటినుంచి చివరిదాకా ఒకే చోటిది వాడండి. మిక్సర్ నుంచి నేరుగా తీసుకున్న రికార్డింగ్ ఉంటే అదే ప్రధానం. నట్టువాంగం (గురువుగారు తాళాలు వాయిస్తూ జతులు చెప్పడం), గాత్రం, మృదంగం, వయొలిన్ అన్నీ శుభ్రంగా వస్తాయి. కానీ వేదిక మీద నేలకు దగ్గరగా మైకు పెట్టి ఉంటే తప్ప అందులో గజ్జెల చప్పుడు ఉండదు, గజ్జెలు వినిపించని కూచిపూడి వీడియో బోసిగా ఉంటుంది. ముందు కెమెరా శబ్దాన్ని బాగా తగ్గించి కింద కలపండి. దూరం వల్ల ప్రతిధ్వనిలా వినిపిస్తే ఆ కెమెరా బొమ్మను కదపకుండా ఆడియోను మాత్రమే జరపండి. ఐటం చివర చప్పట్ల దగ్గర దాన్ని కాస్త పెంచితే హాలులో కూర్చున్నట్టే ఉంటుంది. యాంగిల్స్ మార్చేటప్పుడు మల్టీక్యామ్ వ్యూయర్‌లో వీడియో మాత్రమే మారేలా పెట్టుకోవడం మరవకండి, లేకపోతే ప్రతి కట్‌కూ శబ్దం మారిపోతుంది.

కంప్యూటర్ మొరాయిస్తే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం వాడే తేలికపాటి నకళ్లు) చేసుకోండి. రంగులు తెల్లటి లైటు ఉన్న ఐటంలో మొహం చూసి కలపండి, నీలం లైటులో కుదర్చాలని చూడొద్దు.

ఇక కట్ ఎక్కడ? ప్లే చేస్తూ 1, 2, 3 నొక్కితే ఆయా కెమెరాలకు కట్ అవుతుంది, ఆల్ట్‌తో కలిపి నొక్కితే కట్ పడకుండా ఉన్న ముక్కకే యాంగిల్ మారుతుంది. కష్టమంతా ఎప్పుడు నొక్కాలన్నదే. జతి (తాళానికి పలికే సొల్లుకట్టు, దానికి ఆడే అడుగులు) నడుస్తున్నప్పుడు నొక్కకండి. ముక్తాయింపు (జతిని ముగించే వరస) పూర్తై ఆఖరి దెబ్బ పడినప్పుడు మారితే కట్ కూడా తాళంలో కలిసిపోతుంది. నృత్తానికి (కథ లేని శుద్ధ నాట్యానికి) నిండు మనిషి కనిపించే వెడల్పు షాటే ప్రధానం. దగ్గరి షాట్లు అభినయానికి, అంటే మొహంతో, చేతులతో భావం చూపే భాగాలకు, దాచుకోండి. జతి మొదలయ్యే చోట నట్టువాంగం చేస్తున్న గురువుగారిని ఒకసారి చూపిస్తే ఎంతో బాగుంటుంది. తరంగంలో ఇత్తడి పళ్లెం మీద పాదాల దగ్గరి షాట్ అందరూ కోరుకుంటారు, కానీ తల మీద చెంబు కూడా పెట్టుకుని ఉంటే పాదమూ చెంబూ ఒకే ఫ్రేములో కనిపిస్తేనే ఆ కష్టం తెలుస్తుంది. అక్కడ వెడల్పు షాట్ ఎంతసేపున్నా విసుగు రాదు.

ఇంకొకటి. ఒక్కరే రెండు పాత్రలు అభినయించేటప్పుడు కుడికి తిరిగి ఒకరు, ఎడమకు తిరిగి ఇంకొకరు అవుతారు. ఆ సంభాషణ మధ్యలో ఒక పక్క కెమెరా నుంచి రెండో పక్క కెమెరాకు మారితే దిక్కులు తారుమారై ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కాదు. సంభాషణ అయ్యేదాకా ఒకే పక్క ఉండండి.

మీ ఫోన్ షాట్లను నృత్తంలో వాడకండి. 30 ఫ్రేములది 25లో ఆడేటప్పుడు కొన్ని ఫ్రేములు పోయి, వేగంగా కదిలే చేతులు, పాదాలు గెంతుతున్నట్టు ఉంటాయి. నెమ్మదిగా సాగే అభినయంలో అది తెలియదు. ముందు మీడియాఇన్ఫోలో చూసి ఫోన్ ఫైల్‌కు ఏమి చూపిస్తోందో, వెనక కెమెరా వేదికకు ఎంత దూరంలో ఉందో ఇక్కడ రాయండి. ఎన్ని ఫ్రేములు జరపాలో లెక్క వేసి చెప్తాను.