47 దగ్గరే ఆగిపోకు

చిరంజీవికి ఆశీస్సులు.

అప్పుడే పుట్టిన బిడ్డల రక్తంలో చక్కెర తగ్గడం గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బిడ్డ మడమ మీద సూది గుచ్చి, ఆ రక్తపు చుక్కను స్ట్రిప్‌కు అద్దే సన్నివేశం బాగా రాశావు. నర్సు అంకె చదివేలోగా తల్లి ఊపిరి బిగబట్టడం నా కళ్లకు కట్టింది. ఆ తర్వాతి వాక్యమే నా మనసుకు ముల్లులా గుచ్చుకుంది: "చక్కెర 47 కంటే తగ్గితే మెదడు శాశ్వతంగా దెబ్బతింటుంది."

ఇలాంటి వాక్యం ఒకప్పుడు నేనూ రాశాను. అది చదివిన ఒక తల్లి నాకు ఉత్తరం రాసింది. బిడ్డకు అప్పటికి రెండేళ్లు. ఒక మాట ఆలస్యంగా వచ్చినా, నడుస్తూ తూలినా ఆమెకు పుట్టిన రోజు నాటి అంకే గుర్తుకొచ్చేదట. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

డెసీలీటరు రక్తానికి 47 మిల్లీగ్రాములన్నది వైద్యులు జాగ్రత్త కోసం గీసుకున్న గీత. అందరూ ఒకే గీత పాటించరు కూడా. బొడ్డుతాడు తెగగానే తల్లి నుంచి అందే గ్లూకోజు ఆగిపోతుంది. మొదటి ఒకటి రెండు గంటల్లో ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు సైతం చక్కెర తగ్గి, మళ్లీ పుంజుకుంటుంది. గ్లూకోజు చాలనప్పుడు మెదడు లాక్టేటు, కీటోన్లు అనే వేరే ఇంధనాలతో కొంతవరకు నెట్టుకొస్తుంది. ఇన్సులిన్ అతిగా ఊరే బిడ్డల్లో కీటోన్లు కూడా సరిగా తయారుకావు కనుక వాళ్లకు ముప్పు ఎక్కువ. ఈ సంగతి నీ వ్యాసంలో లేదు. తప్పకుండా ఉండాలి.

చక్కెర మరీ అడుగుకు పడి, చాలాసేపు అలాగే ఉండి, ఫిట్స్ దాకా వెళితే అది నిజంగా భయపడాల్సిన స్థితి. తల వెనుక వైపు, చూపును గ్రహించే మెదడు భాగం దెబ్బతినవచ్చు. కళ్లు బాగానే ఉన్నా చూపు సరిగా ఉండకపోవడం, మూర్ఛ, ఎదుగుదలలో వెనుకబాటు మిగిలిపోవచ్చు. ఇక్కడ మాత్రం మెత్తగా రాయకు.

మిగతా పిల్లల గురించి రాసేటప్పుడు వయసు చెప్పకుండా ఫలితం చెప్పకు. న్యూజిలాండ్‌లో చక్కెర తగ్గే ముప్పున్న శిశువులను పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లందరికీ చక్కెర 47కు తగ్గకుండా ఉంచాలన్న లక్ష్యంతోనే చికిత్స చేశారు. రెండేళ్లప్పుడు చక్కెర తగ్గినవారికీ తగ్గనివారికీ మధ్య తేడా కనిపించలేదు. నాలుగున్నరేళ్లకు మాత్రం ఆలోచించి పని నడుపుకోవడంలో, కన్నూ చెయ్యీ కలిపి చేసే పనుల్లో ఇబ్బందులు చక్కెర తగ్గిన పిల్లల్లో ఎక్కువగా తేలాయి. 9-10 ఏళ్లకు చూస్తే బడి చదువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. నువ్వు మధ్యలోని ఫలితాన్ని ఒక్కదాన్నే తీసుకున్నావు. మూడూ వరసగా రాయి. నాలుగున్నరేళ్ల ఫలితాన్ని దాచమనడం లేదు, దాని ముందూ వెనకా ఉన్నవాటిని కూడా చూపించమంటున్నాను.

ఇంకొక మార్పు. వెంటనే పాలు పట్టించడం, బుగ్గ లోపల డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు) జెల్ రుద్దడం, అవసరమైతే సెలైన్‌లా గ్లూకోజు ఎక్కించడం గురించిన పేరా నీ వ్యాసం చివర్లో ఉంది. దాన్ని నర్సు అంకె చదివిన చోటికి తీసుకురా. అంకె వినగానే తల్లి అడిగే మొదటి మాట "ఇప్పుడు ఏమి చేస్తారు?" అనే కదా. దిద్దిన ప్రతిని వారంలోగా పంపు, వెంటనే చదువుతాను.